పాత పాస్‌వర్డుతో తలుపు తడుతున్న చేయి

పోయిన వారం తాళాలమ్మని సూపరింటెండెంటు గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చెయ్యని పనికి జవాబు చెప్పమని ఆయన, ఏం చెప్పాలో తెలియక ఆవిడ. ఆసుపత్రిలో ఒక ముసలావిడకి తనది కాని గ్రూపు రక్తం ఎక్కింది. ప్రాణం నిలిచింది గానీ మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు. కంప్యూటర్లో ఆమె గ్రూపును ఎవరో మార్చారు. మార్చినవారి పేరు ఉండాల్సిన చోట తాళాలమ్మ లాగిన్ ఉంది. ఆసుపత్రి డేటాబేసుకు కాపలా ఆవిడే. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గడప బయట ఆపాలో చూసేది ఆవిడే కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు.

"రేపు సాయంత్రంలోపు నువ్వు కాదని చూపించమ్మా. చూపించలేకపోతే నువ్వేనని రాసి పంపాల్సి వస్తుంది," అన్నాడు సూపరింటెండెంటు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఆవిడకి కారం రాసినట్టు మండింది.

మర్నాడు పొద్దున్న కుర్చీలో కూర్చోగానే ఆవిడ చేసిన మొదటి పని తన పాస్‌వర్డు మార్చడం. పేరు తనది, తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంది. ముందు తాళం మార్చి, తర్వాత దొంగ సంగతి చూద్దామనుకుంది.

అలా మార్చిందో లేదో, ల్యాబు మొత్తం ఆగిపోయింది.

ల్యాబు ఆగితే చప్పుడు కూడా ఆగుతుంది. యంత్రాలు తమ వంతు పని ముగించి, పచ్చ దీపం వేసుకుని, మేత అయిపోయిన గొడ్ల మాదిరి ఊరికే నిలబడ్డాయి. రక్తం గొట్టాలు పళ్ళేలలో వరసగా ఉన్నాయి. ఫలితం తేలింది, రాసుకోవాల్సిన కంప్యూటరే తలుపు తీయడం లేదు. ప్రతి తెర మీదా ఒకటే ముక్క: లాగిన్ విఫలమైంది. బయట వరండాలో ఒకావిడ చేతిలో చీటీని మడిచి విప్పి, మడిచి విప్పి, గుడ్డపేలికలా చేసేసింది. ఆమె పక్కన కూర్చున్న మనిషి బెంచీ చెక్కను గోటితో గీకుతున్నాడు. అడగాలని ఉంది, ఎవరిని అడగాలో తెలియడం లేదు.

ముందుగా పరుగెత్తుకొచ్చింది ల్యాబు టెక్నీషియను. మాటమాటకీ మణికట్టు చూసుకుంటాడని అందరూ అతన్ని గడియారం అంటారు.

"తాళాలమ్మగారూ, ఏంటండీ ఇది! పొద్దున్నించీ కొడుతుంటే లోపలికి రానివ్వదే. అలిగిన అల్లుణ్ణి కూడా ఇంతసేపు వాకిట్లో నిలబెట్టరు."

"ఏం చేసి చూశారు?"

"అన్నీ చేశాం. ఆపి మళ్ళీ వేశాం. వైరు పీకి పెట్టాం. కీబోర్డు మార్చాం."

"లాగిన్ కాకపోతే కీబోర్డెందుకు మార్చారు?"

"ఏదో ఒకటి చెయ్యాలి కదండీ. ఖాళీగా కనపడితే మీ వదిన మమ్మల్ని మార్చేస్తుంది."

మరో రోజయితే ఆవిడ నవ్వేది. ఇవాళ ముఖం కూడా తిప్పలేదు. తెరకేసి చూస్తూనే, "వెళ్ళి ఎవర్నీ ఏదీ ముట్టుకోవద్దని చెప్పండి. మీరు కొట్టే ప్రతి దెబ్బా తలుపుని ఇంకా బిగిస్తోంది," అంది.

ఆవిడ పద్ధతి ఆవిడది. కోపం ఎంత ఉన్నా చేతులకి అంటనివ్వదు. మొదట సర్వరు బతికే ఉందా అని పలకరించింది. పలికింది. ల్యాబు నుంచి సర్వరు దాకా దారి సరిగ్గా ఉందా అని చూసింది. ఉంది. ఇంకో పేరుతో, ఇంకో పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళింది. నిక్షేపంలా వెళ్ళింది. అంటే ఇల్లు బాగుంది, దారి బాగుంది, తలుపూ బాగుంది. తలుపు దగ్గరికి వచ్చి చెప్పుకుంటున్న పేరులోనో, చూపిస్తున్న చెవిలోనో తేడా ఉంది.

అయితే ఆ తేడా ఏమిటో డేటాబేసు బయటివాళ్ళకి చెప్పదు. పేరు తప్పయినా, పాస్‌వర్డు తప్పయినా, పేరుకే తాళం పడినా, బయటికి ఒకటే మాట: విఫలమైంది. ఏది తప్పో చెబితే దొంగ సరిదిద్దుకొస్తాడని దాని భయం. అసలు కారణం మాత్రం లోపల తన దగ్గర రాసిపెట్టుకుంటుంది. ఆ రాత చూసే అధికారం ఉన్నది ఆవిడకే.

తెరిచి చూసింది.

కారణం: పాస్‌వర్డు తప్పు. ఆ కిందే: పదే పదే తప్పు చెప్పినందువల్ల ఈ పేరుకి తాళం పడింది.

అక్కడున్న పేరు చూసి ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. ల్యాబు వాళ్ళు ల్యాబు పేరుతో రావాలి. అక్కడ ఉన్నది తన పేరు. ఒక చోట కాదు, వరస వరసంతా తన పేరే. వచ్చిన చోటు చూస్తే ల్యాబులోని ఒక్కో కంప్యూటరూ ఉంది. రక్తం పరీక్షలది, మూత్రం పరీక్షలది, గ్రూపులు చూసే బల్ల మీది, చివరికి గడియారం కూర్చునే మూల కంప్యూటరు కూడా. అన్నీ పాత పాస్‌వర్డు పట్టుకుని ఆవిడ తలుపు దబదబా బాదుతున్నాయి.

తాళం తీసి చూసింది. గుక్క తిప్పుకునేలోపు మళ్ళీ పడింది.

మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డా బాదుడు ఆగలేదంటే, కొడుతున్నది మనుషులు కాదు. ల్యాబులో నడిచే ప్రోగ్రాము కడుపులోనే ఎవరో ఆవిడ పేరూ, పాస్‌వర్డూ పెట్టి కుట్టేశారు. ఇన్నాళ్ళూ ల్యాబులో ఎవరు ఏ మీట నొక్కినా, నొక్కింది తాళాలమ్మే అయింది.

అరికాలిలో పుట్టిన మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే తలుపు దడాలున తెరుచుకుంది.

వచ్చింది వదిన. ల్యాబుకి పెద్ద. ఆవిడ నడిచొస్తుంటే తెల్ల కోటు కూడా ముందు దారి చేసుకుంటూ వస్తుంది. వెనకాల గడియారం, అతని వెనక ఇంకో ముగ్గురు గుమ్మంలో తలలు పెట్టారు.

"ఏమే, పాస్‌వర్డు మార్చావంట?"

"మార్చాను."

"ఎవర్నడిగి మార్చావు?"

"నా పాస్‌వర్డు మార్చుకోవడానికి ఎవర్నడగాలి వదినా?"

"బయట జనం చూశావా? పొద్దున్న మొదలైనవి తప్ప ఆపరేషన్లన్నీ ఆగిపోయాయి. చిన్నపిల్లల వార్డు నుంచి ఫోను మీద ఫోను. నీ రోషం చూపించుకోడానికి ఇవాళే దొరికిందా? పాతది పెట్టెయ్. లేకపోతే కొత్తదేంటో చెప్పు."

తాళాలమ్మ లేవలేదు. తెరని మాత్రం పట్టుకుని వదిన వైపు తిప్పింది.

"ఇది చదువు."

"ఈ గీతలు నాకేం తెలుసు?"

"పేరు చదవడం తెలుసుగా? ఎవరి పేరుంది?"

వదిన చూసింది. చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. గుమ్మంలో తలలు మరి కాస్త లోపలికొచ్చాయి.

"కొత్త ప్రోగ్రాము వచ్చిన కొత్తలో మా ఇంటికొచ్చావు," అంది తాళాలమ్మ. గొంతు పెంచలేదు. "వంటింట్లో నిలబడి అడిగావు. ఒక్క పూటకి నీ లాగిన్ ఇవ్వవే, పరీక్షించి చూసి వదిలేస్తాం అన్నావు. గుర్తుందా?"

"ఇచ్చావుగా!"

"ఇంట్లో అడిగావు కాబట్టి ఇచ్చాను. ఇక్కడ అడిగుంటే సంతకం పెట్టమనేదాన్ని. వదినని సంతకం అడగడమేంటని నోరు మూసుకున్నాను. నువ్వది తీసుకెళ్ళి ప్రోగ్రాము లోపల పెట్టించావు!"

"పెట్టిస్తే ఏమయ్యింది? ఇంతమందికి ఇన్ని పేర్లు, ఇన్ని పాస్‌వర్డులు, రోజుకొకడు మర్చిపోయానని నీ దగ్గరికొస్తే నువ్వే విసుక్కునేదానివి. వెళ్ళమ్మా, వెళ్ళి అందరికీ ఒకటే పెట్టుకోండి అని నువ్వే..."

"నా పేరు పెట్టుకోమన్నానా?"

ఈసారి గొంతు లేచింది. వరండాలో బెంచీ గీకుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"అక్కడ ముసలావిడ కళ్ళు తెరవట్లేదు. కొడుకు నా గది బయటే కూర్చుంటున్నాడు. నిన్న నేను మంచినీళ్ళు తాగుతుంటే నా చేతుల వంకే చూశాడు వదినా. ఈ చేతులే కదా మా అమ్మ గ్రూపు మార్చింది అన్నట్టు! నువ్వు పక్కనుంచే వెళ్ళావు. సూపరింటెండెంటు నన్ను దొంగలా నిలబెడితే నువ్వు అదే గదిలో కుర్చీలో కూర్చున్నావు. ఆ లాగిన్ మా ల్యాబంతా వాడుతుందండీ అని ఒక్క ముక్క నీ నోట్లోంచి రాలేదు!"

వదిన కోటు సర్దుకుంది.

గడియారం ఏదో సర్దిచెప్పబోయాడు. "పోనిద్దురూ, ఇంటి విషయం..."

"ఇది ఇంటి విషయమా? నువ్వూ నా పేరుతోనే పని చేశావుగా ఇన్నాళ్ళూ. తెలుసా నీకు?"

"నిజం చెప్పాలంటేనండీ," అతను మొదటిసారి మణికట్టు చూసుకోవడం మరిచిపోయాడు, "తెరవగానే తెరుచుకునేది. ఎవరి పేరుతో తెరుచుకుందో మేమెప్పుడూ చూడలేదు."

ఆవిడ కోపానికి ఆ మాటే గొళ్ళెం వేసింది. అబద్ధమయితే ఇంకా తిట్టేది. నిజం కావడం వల్ల తిట్టడానికేమీ మిగల్లేదు.

ఆవిడ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పాతది పెట్టదు. కొత్తది చెప్పదు. ల్యాబు ప్రోగ్రాముకి వేరే పేరు పుట్టించింది. పరీక్షల ఫలితాలు రాయడానికీ, చూడడానికీ మాత్రమే దానికి అనుమతి ఇచ్చింది. ఒకసారి రాసిన గ్రూపును దిద్దే హక్కు ఇవ్వలేదు. తర్వాత ల్యాబులోకి వెళ్ళి ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని, ప్రోగ్రాము కడుపులోంచి తన పేరు తీసి, ఆ కొత్త పేరు పెట్టింది. ఆవిడ ఏ కుర్చీలో కూర్చుంటే ఆ కుర్చీ మనిషి లేచి దూరంగా నిలబడ్డాడు. ఆవిడ పళ్ళ బిగువు ఎడంగా నిలబడ్డవాళ్ళకీ కనపడుతోంది.

"రేపటినుంచి ఎవరి పేరు వాళ్ళది," అంది చివరి కంప్యూటరు దగ్గర లేస్తూ. "పాస్‌వర్డు మర్చిపోయారా, నా గదికి రండి. విసుక్కుంటాను, తిడతాను. కానీ ఇస్తాను."

తెరలు వెలిగాయి. ఆగిన ఫలితాలు ఒకటొకటీ లోపలికి పోయాయి. బయట చీటీ మడుస్తున్నావిడని ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆవిడ లేచిన తీరు చూస్తే పిలిచినవాళ్ళ మీదకి ఎగిరి దూకుతుందేమో అనిపించింది.

తాళాలమ్మ తన గదికి వచ్చి తన పేరుకి పడ్డ తాళం తీసింది. ఇక ఆ పేరుతో కొట్టేవాళ్ళెవరూ లేరు. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి, ఈ పేరు నాదే గానీ దీంతో తిరిగింది ల్యాబంతా అని చూపించవచ్చు. ఎవరు మార్చారో తేలదేమో గానీ, తానే అనడానికి వీల్లేదు. గుండెల మీది రాయి కాస్త కదిలింది.

తాళం మళ్ళీ పడింది.

ఆవిడ తెరని నమ్మలేక ఇంకోసారి తీసింది. కాసేపు ఊరుకుని, మళ్ళీ పడింది. ఈసారి బాదుడు వేరే తీరుగా ఉంది. ప్రోగ్రాము అయితే లెక్కగా, ఒకే ఎడంతో కొడుతుంది. ఇది ఆగి ఆగి వస్తోంది. రెండుసార్లు గబగబా, తర్వాత కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. తప్పు పడిందేమో అని చూసుకుని మళ్ళీ కొట్టే మనిషి వేళ్ళు అవి.

వచ్చే చోటు చూసింది. ల్యాబు కాదు. ఇందాక ఆ హోరులో కలిసిపోయి కనపడని చోటు. కింది అంతస్తులో, మెట్ల పక్కన, రక్తం సంచులు దాచే చల్లని గది.

"వదినా," అంది. వదిన ఇంకా గుమ్మంలోనే ఉంది. కోటు బొత్తం తిప్పుతూ ఎటో చూస్తోంది. "ఈ పాస్‌వర్డు ప్రోగ్రాములో పెట్టించడమే కాక, ఎవరికైనా చెప్పావా?"

"లేదే."

"కింద రక్తం గదిలోంచి ఎవరో టైపు చేస్తున్నారు."

వదిన ముఖంలోంచి నెత్తురు దిగిపోయింది. ఇంతసేపూ నిప్పులు చెరిగిన మనిషి ఒక్క క్షణంలో తడిసిన గోడలా అయిపోయింది. తాళాలమ్మ లేచి బయటికి నడుస్తుంటే మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఆ గదికి వెళ్ళకు."

"ఎందుకు?"

"నేనే మార్చానని రాసుకో. ముసలావిడ గ్రూపు నేనే మార్చాను. సూపరింటెండెంటు ముందు సంతకం పెడతాను. ఇప్పుడే పెడతాను, పద."

ఇందాకటి నుంచీ వీడని ముడి అక్కడ వీడింది. ఆ గదికి బాధ్యుడు ఎవరో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. వదిన భర్త. తాళాలమ్మకి తోడబుట్టిన అన్న. అమ్మ పోయాక చెల్లెలికి తలదువ్వి, వంకర పాపిడి తీసి, జడ వేసి బడికి పంపిన మనిషి.

"చెయ్యి వదులు," అంది. వదిన వదల్లేదు. తాళాలమ్మే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుకుని మెట్లు దిగింది.

గది తలుపు తీసే ఉంది. లోపల ఫ్రిజ్జులు సన్నగా మూలుగుతున్నాయి. అన్నయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండు చూపుడు వేళ్ళతో, మీట మీట వెతుక్కుంటూ టైపు చేస్తున్నాడు. అడుగుల చప్పుడుకి తిరిగి చూసి నవ్వాడు.

"వచ్చావా? మంచిదయింది. పాస్‌వర్డేమైనా మార్చావటే? పొద్దున్నించీ కొడుతున్నా, పోవట్లేదు. ఒక్క మాట చెప్తే పోయేదిగా."

తిట్టడానికి వచ్చింది. తిట్టాల్సిన ముఖం అది కాదు.

"నా లాగిన్ నీకెవరిచ్చారన్నయ్యా?"

"మీ వదినే. గ్రూపు కలవకపోతే ఈ ప్రోగ్రాము సంచిని గడప దాటనివ్వదు కదా. పైన డాక్టర్లేమో అరుస్తుంటారు. గొట్టం మీద ల్యాబువాళ్ళ చీటీ ఉంటుంది, అది చూసి తెర మీద దిద్దేస్తా. నా పేరుతో చూడనిస్తుందంతే, నీ పేరుతో అయితే దిద్దనిస్తుంది."

"చీటీ తప్పయితే?"

"చీటీ తప్పెందుకవుతుంది? మనిషి చేత్తో రాసింది. తెరే తప్పు చూపిస్తుంది ఎప్పుడూ."

"ఆ ముసలావిడకీ అలాగే దిద్దావా?"

నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గానీ కళ్ళలోంచి వెళ్ళిపోయింది. నుదుటి మీది కళ్ళజోడు జారి ముక్కు మీద పడింది. అతను దాన్ని సరిచేసుకోలేదు. ఆ పని తనదేనని ఆ మనిషికి ఇప్పటిదాకా తట్టలేదు. పేరు చెల్లెలిది పడింది కాబట్టి, తప్పు ఇంకెక్కడో జరిగిందనుకుని, పాపం చెల్లెలని బాధపడుతూ రోజూ భోంచేసి పడుకున్నాడు.

"నేను... నేను దిద్దానే," అన్నాడు మెల్లగా.

ఆవిడ చెయ్యెత్తింది. కొట్టేదో, నోరు మూసేదో. వెనకనుంచి వదిన, "వద్దే!" అని అరిచింది. ఆ ఎత్తిన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ఆవిడ చూపు తెర మీద పడింది.

తెర మీద ముసలావిడ పేరు లేదు. ఇంకెవరిదో ఉంది. వయసు ముప్పై దాటని పడుచు. గ్రూపు దగ్గర ఓ అని ఉంది.

"ఇదెవరిది? ఇప్పుడెవరిది దిద్దుతున్నావు?"

"పొద్దున్న ఆపరేషన్‌కి వెళ్ళిన అమ్మాయిది. చీటీ మీద బీ అనుంది. నీ లాగిన్ పోవట్లేదు కదా, పైనేమో తొందర పెట్టారు. తెర సంగతి తర్వాత దిద్దుకోవచ్చులే అని సంచి చేత్తో పంపించేశా."

"ఎన్ని పంపావు?"

"ఒకటేనే. ఒక్కటే."

గోడకున్న ఫోను ఆవిడ ఎలా అందుకుందో ఆవిడకే తెలియదు. తీగ లాగిన ఊపుకి బల్ల మీది గొట్టాల పళ్ళెం కిందపడింది. ఎవరూ వంగి తీయలేదు. అవతల మోగుతోంది. ఎత్తడం లేదు. మోగుతూనే ఉంది. వదిన గోడకి ఆనుకుని జారి కూలబడింది.

"థియేటర్," అంది అవతల ఒక నర్సు, రొప్పుతూ. "ఎవరైనా సరే తర్వాత చెయ్యండి, ఇక్కడ చేతులు ఖాళీ లేవు."

"పెట్టెయ్యకు! పెట్టేశావంటే ఊరుకోను. రక్తం గది నుంచి మాట్లాడుతున్నా. ఆ అమ్మాయికి బీ గ్రూపు ఎక్కించొద్దు. ఎక్కుతుంటే ఆపు. ముందు ఆపు, తర్వాత మాట్లాడు!"

అవతల ఏదో ఇనుప గిన్నె పడ్డ చప్పుడు. ఎవరో ఎవర్నో కేకేశారు. తర్వాత నర్సు గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ గొంతులో విసుగు లేదు.

"ఏ సంచి ఆపాలమ్మా? ఇప్పుడు ఎక్కుతున్న రెండోదా?"